కట్టమీది సైకిలు: హుస్సేన్ సాగర్ నుంచి గండిపేట దాకా

మోకాళ్ళు అరగడం మొదలైనవారికీ, మధుమేహం పట్టుకున్నవారికీ సైకిలు తొక్కమని సలహా ఇచ్చినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. "తొక్కుతాం సరే, ఎక్కడ తొక్కమంటారు?" ఖైరతాబాద్‌లోనో, అమీర్‌పేటలోనో, పంజాగుట్టలోనో ఉండేవారు ఈ ప్రశ్న అడిగితే అందులో ఎత్తిపొడుపు కూడా ఉంటుంది. వారి వీధిలో నడవడానికే చోటు లేదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు ఉంది. ఈ నగరంలో సైకిలుకు అనువైన దారులన్నీ నీటి పక్కనే ఉన్నాయి. అవి సైకిలు కోసం వేసినవి కావు. ఒకటి దాహం తీర్చడానికి కట్టిన కట్ట; మరి రెండు, వరదలో వేలమంది కొట్టుకుపోయిన తరువాత కట్టిన ఆనకట్టలు. కాబట్టి దారి చెప్పాలంటే ముందు కొంత చరిత్ర చెప్పుకోక తప్పదు.

చెరువుకట్ట సైకిలుకు ఎందుకు అనువైనదో మొదట గమనించండి. హైదరాబాదు రాళ్ళగుట్టల నేల. బంజారాహిల్స్ వైపు ఒక కిలోమీటరు తొక్కితే చాలు, ఆ సంగతి తొడలకు తెలుస్తుంది. నీరు నిలవాలంటే కట్ట పైభాగం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మట్టంలో ఉండాలి. నీటికోసం పాటించిన ఆ నియమమే సైకిలువానికి ఎత్తుపల్లాలు లేని దారిని ఇచ్చింది. రెండవది, కట్టకు ఒక పక్క నీరుంటుంది గనుక ఆ పక్కనుంచి సందులు రావు, అడ్డంగా దూసుకువచ్చే స్కూటర్లు ఉండవు. మూడవది గాలి. ఈ మూడూ కలిసిన దారి నగరం నడిబొడ్డున దొరకడం చిన్న సంగతి కాదు.

హుస్సేన్ సాగర్ వయస్సు చార్మినారు కంటే ఎక్కువ. 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో, హుస్సేన్ షా వలీ అనే సూఫీ పర్యవేక్షణలో ఆ కట్ట లేచింది. హైదరాబాదు నగరానికి 1591లో పునాది పడింది. అంటే నగరానికి ముందే, దాదాపు మూడు దశాబ్దాల నాడే, నీరు సిద్ధమయింది. మూసీ నీటిని బుల్కాపూర్ కాలువ ద్వారా ఇక్కడికి మళ్ళించారు. కట్టించిన సుల్తాను పేరు కాక, పని చేయించిన సూఫీ పేరే ప్రజల నోట నిలిచిందనీ, అది విన్న సుల్తాను తన పేరు నిలవాలని ఇబ్రహీంపట్నం చెరువు తవ్వించాడనీ ఒక కథ చెబుతారు. కథ నిజమైనా కాకపోయినా రెండు చెరువులూ ఉన్నాయి. కుతుబ్‌షాహీ వంశపు ఖైరున్నీసా బేగం పేరుతో ఖైరతాబాద్ వెలసింది కూడా ఈ నీటి అంచునే.

1806లో నిజాం సికిందర్ జా పేరిట సికింద్రాబాదు ఏర్పడింది. అక్కడ దండు, ఇక్కడ నగరం. రెంటి నడుమ చెరువు. అప్పటినుంచి చెరువుకట్టే రెండు ఊళ్ళను కలిపే రహదారి అయింది. ట్యాంక్‌బండ్ అన్న పేరులోనే ఆ వైనం ఉంది. మనం చెరువుకట్ట అనేదాన్ని దండువారు వారి భాషలో అన్నారు, ఆ పేరే మిగిలింది. 1946లో కట్టను వెడల్పు చేశారు. 1980లలో మరొకసారి విస్తరించి, తెలుగు ప్రముఖుల విగ్రహాలను వరుసగా నిలిపారు. సుమారు రెండున్నర కిలోమీటర్ల ఆ కట్టమీద సైకిలు ఎప్పుడు మొదట తిరిగిందో చెప్పే శాసనం ఏదీ లేదు. కాని అది ఎలాంటి సైకిలై ఉంటుందో చెప్పవచ్చు.

జర్మనీలో కార్ల్ డ్రైస్ 1817లో రెండు చక్రాల కొయ్యబండి చేశాడు. దానికి పెడల్ లేదు, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. ఆ తరువాత ముందు చక్రం మనిషెత్తు ఉండే బండ్లు వచ్చాయి. వాటిమీదినుంచి పడితే మెడ విరిగేది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలనూ సమానం చేసి, వెనుక చక్రానికి గొలుసు తగిలించి, నేటి సైకిలు రూపాన్ని ఇచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు చేశాడు. ఆయన వృత్తిరీత్యా పశువైద్యుడు. తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి ఆ ప్రయత్నం చేశాడు. వైద్యవృత్తి సైకిలుకు చేసిన గొప్ప మేలు అదే అనుకుంటాను.

ఎందుకంటే మనుషుల వైద్యులు ఆ రోజుల్లో చేసింది వేరు. 1890లలో సైకిలు మోజు పెరిగినప్పుడు ఇంగ్లండులోని కొందరు వైద్యులు "సైకిలు ముఖం" అనే జబ్బును ప్రచారంలో పెట్టారు. తూకం నిలబెట్టుకోవాలన్న ఆత్రుతవల్ల కళ్ళు పొడుచుకువస్తాయనీ, దవడలు బిగుసుకుపోతాయనీ, ముఖ్యంగా స్త్రీల ముఖకాంతి చెడిపోతుందనీ రాశారు. ఒక్క రోగి నిలబడలేదు, జబ్బు దానంతటదే మాయమైంది. స్త్రీలు ఇల్లు దాటి స్వతంత్రంగా తిరగడం నచ్చనివారు ఆ మాటను శాస్త్రం భాషలో చెప్పారు, అంతే. మా వృత్తిలో ఇలాంటివి అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంటాయి.

అదే దశాబ్దంలో, హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన, ఖైరతాబాదుకు కూతవేటు దూరంలో ఉన్న బేగంపేటలో ఒక సైనిక వైద్యుడు దోమలను కోస్తున్నాడు. రోనాల్డ్ రాస్ మద్రాసు పదాతిదళంలో వైద్యాధికారి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలు కుట్టేందుకు ఒప్పించి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున చెల్లించాడు. 1897 ఆగస్టు 20న, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20 నేటికీ ప్రపంచ దోమల దినం. ఆయన పనిచేసిన భవనం పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. నెక్లెస్ రోడ్డు నుంచి సైకిలుమీద పది పదిహేను నిమిషాల దూరం. విగ్రహాల దగ్గర ఫోటోలు తీసుకునేవారు ఆ భవనానికి కూడా ఒకసారి వెళ్ళిరావాలని నా కోరిక.

రాస్ కనుగొన్నదానికీ, ఈ వ్యాసంలోని సైకిలుకూ ఒక సంబంధం ఉంది. 1953లో దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1958లో అది నిర్మూలన కార్యక్రమమయింది. దాని వెన్నెముక డాక్టరు కాదు, సైకిలుమీద తిరిగే ఆరోగ్య కార్యకర్త. పదిహేను రోజులకొకసారి ప్రతి గడపకూ వెళ్ళి, జ్వరం ఉన్నదా అని అడిగి, వేలు గుచ్చి, గాజు పలకపై రక్తపు చుక్క అద్ది, క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చి, గోడమీద తేదీ వేసేవాడు. క్యారియర్‌కు పలకల పెట్టె, హ్యాండిల్‌కు సంచి. స్వాతంత్ర్యం వచ్చిననాడు ఏటా 7 కోట్ల 50 లక్షల మందికి సోకుతుందని అంచనా వేసిన వ్యాధి, 1965 నాటికి సుమారు ఒక లక్షకు దిగింది. పట్టు సడలిన తరువాత, 1976లో, మళ్ళీ 64 లక్షలకు ఎగబాకింది. డి.డి.టి. గురించి పుస్తకాలు రాశారు. ఆ సైకిళ్ళ గురించి ఎవరూ రాయలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసిన నా తరం వైద్యులకు మాత్రం, గోడకు ఆనించిన ఆ నల్లని సైకిలు కనబడకపోతే ఆ వారం రక్తపు పలకలు రావని తెలుసు.

నల్లని సైకిలు అన్నాను. మద్రాసు అంబత్తూరులో 1949లోనూ, ఆ తరువాత ఆసన్‌సోల్, సోనీపట్, లుధియానాలలోనూ కర్మాగారాలు వెలిసి, 1950లు దాటేసరికి స్వదేశీ సైకిలు గుమాస్తా జీతానికి అందుబాటులోకి వచ్చింది. సచివాలయం, ఖైరతాబాద్, సోమాజిగూడ ప్రాంతాల్లోని కార్యాలయాలకు ఉద్యోగులు ప్యాంటు అంచుకు క్లిప్పు పెట్టుకొని సైకిలుమీదనే వచ్చేవారు. కొనలేనివారికి గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిలు టాక్సీ దుకాణాలు ప్రతి చౌరస్తాలోనూ ఉండేవి. రాత్రిపూట దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు, ఇద్దరెక్కితే ఆపేవాడు. ఖైరతాబాద్ రైల్వే గేటు పడితే అటూ ఇటూ సైకిళ్ళ గంటలు మోగేవి. ఇదంతా స్వర్ణయుగమని నేననను. ఆ గుమాస్తాలు ఆరోగ్యం కోసం తొక్కలేదు; బస్సుకు చిల్లర మిగుల్చుకోవడానికి తొక్కారు. ఆరోగ్యం వారికి తెలియకుండానే దక్కింది.

ఎంత దక్కిందో ఇతర దేశాల లెక్కలు చెబుతాయి. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే వీధి, ఇంచుమించు ఒకే బతుకు. తేడా కాళ్ళలోనే ఉంది. 2000లో కోపెన్‌హాగన్‌లో 30 వేల మందికి పైగా స్త్రీపురుషులను సుమారు 14 సంవత్సరాలు గమనించిన అధ్యయనం వెలువడింది. పనికి సైకిలుమీద వెళ్ళేవారిలో మరణాలు, వెళ్ళనివారితో పోలిస్తే 28 శాతం తక్కువ. ఇతర వ్యాయామాలను లెక్కలోనుంచి తీసేసినా ఆ తేడా నిలిచింది. ఆరోగ్యంగా ఉన్నవారే సైకిలెక్కుతారేమో అన్న సందేహం ఇలాంటి అధ్యయనాలలో ఎప్పుడూ ఉంటుంది. అయినా ఒక మాత్ర ఇంత మేలు చేస్తుందంటే మనం వరుసలో నిలబడి కొనేవాళ్ళం.

ఇప్పుడు రెండవ నీటి దగ్గరకు వెళదాం. ఖైరతాబాద్ చౌరస్తాలో, ఇంజనీర్ల సంస్థ భవనం ముందు, తలపాగాతో ఒక విగ్రహం ఉంది. రోజూ వేలమంది దాన్ని దాటిపోతారు. ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్లు దండ వేస్తారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ నగరానికి రావడానికి కారణం 1908 సెప్టెంబరు 28. ఆనాడు మూసీ పొంగింది. పై పరీవాహకంలో వందల చెరువులకు ఒకదాని తరువాత ఒకటిగా గండ్లు పడ్డాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడితే అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువుల గొప్పతనమూ, ప్రమాదమూ అందులోనే ఉంది. నగరంలో సుమారు 15 వేలమంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. దాని స్థానంలోనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. వైద్య విద్యార్థులు దాని నీడన కూర్చొని టీ తాగుతారు.

విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి, వరద ఎలా వచ్చిందో లెక్కగట్టి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని సూచించాడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ పని 1913లో మొదలై 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1920లలో పూర్తయింది; దానికి ఏడవ నిజాం పెద్ద కుమారుని పేరు పెట్టారు. మొదటిదానిలో 3.9 టీఎంసీలు, రెండవదానిలో 2.97 టీఎంసీలు నిలుస్తాయి. వరదను ఆపడం వీటి పనిలో సగమే. మిగతా సగం మంచినీరు. గండిపేట నీరు ఏ యంత్రమూ లేకుండా వాలుననుసరించి ఆసిఫ్‌నగర్‌లోని వడపోత పడకలకు చేరేది. 1911లో నగరాన్ని ప్లేగు కుదిపిన తరువాత నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించింది. ఈ నీరూ ఆ పనీ కలిసి ఈ నగరంలో కలరా మరణాలను ఆపినంతగా ఏ డాక్టరూ ఆపలేదని నా నమ్మకం. "గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడువలేడు" అన్న నానుడి ఊరికే పుట్టలేదు. హుస్సేన్ సాగర్‌ను 1930 ప్రాంతంలో తాగునీటికి వాడడం మానేశారు. గండిపేట ఆ బాధ్యత తీసుకోవడంతో పాత చెరువు కేవలం అందమైనదై మిగిలింది, ఆపైన అనాథ అయింది.

అనాథ అనడం అతిశయోక్తి కాదు. తాగేనీరు కానప్పుడు ఎవరికీ పట్టలేదు. కూకట్‌పల్లి నాలా మురుగునూ పారిశ్రామిక వ్యర్థాలనూ మోసుకొచ్చింది. రాస్ వెదకిన అనాఫిలిస్ దోమ శుభ్రమైన నీటిలో పెరుగుతుంది. మురుగులో పెరిగేది క్యూలెక్స్. అంటే చెరువుతోపాటు దోమ జాతి కూడా మారింది. 1990లో, రాయగిరి రాతిలో చెక్కిన 18 మీటర్ల బుద్ధ విగ్రహాన్ని తీసుకువెళుతున్న పడవ ఒరిగి పలువురు కార్మికులు మరణించారు. రెండేళ్ళు నీటి అడుగున ఉన్న బుద్ధుడు 1992 డిసెంబరు 1న నిలబడ్డాడు. ఆ దశాబ్దం చివర నెక్లెస్ రోడ్డు వచ్చింది. అప్పుడు మొదటిసారి చెరువు చుట్టూ తిరిగివచ్చే దారి ఏర్పడింది: ఖైరతాబాద్ వైపు నుంచి ఎన్టీఆర్ మార్గ్, ట్యాంక్‌బండ్, ఆపైన సంజీవయ్య పార్కు, నెక్లెస్ రోడ్డు. మొత్తం సుమారు పది కిలోమీటర్లు. ఒక మోస్తరు వేగంతో ముప్పావు గంట.

కాని ఈ దారి ఏర్పడేసరికి సైకిలు పోయింది. స్కూటరు వచ్చింది, ఆపైన మోటారు సైకిలు, ఆపైన కారు. నగరం చుట్టుపక్కల పురపాలక సంఘాలను కలుపుకొని 2007లో మహానగరమయింది. ఇంటికీ పనికీ నడుమ దూరం సైకిలు మనిషి అందుకోలేనంత పెరిగింది. పంజాగుట్టలో, బేగంపేటలో పైవంతెనలు లేచాయి. పైవంతెన అంటే మోటారు బండికి దగ్గరి దారి, సైకిలుకు ఎక్కలేని కొండ. అయిదారు దశాబ్దాల క్రితం జీతం చాలక తొక్కినవాని మనుమడు నేడు వైద్యుడు చెప్పాడని వ్యాయామశాలలో కదలని సైకిలు ఎక్కుతున్నాడు. నాకు ఇందులో నవ్వూ బాధా రెండూ ఉన్నాయి.

ఇలా పోవడం విధిలిఖితం కాదని చెప్పడానికి నెదర్లాండ్స్ ఉంది. ఆ దేశం పుట్టుకతోనే సైకిళ్ళ దేశమని చాలామంది అనుకుంటారు. 1960లలో అక్కడా కార్లే వీధులను ఆక్రమించాయి. 1971లో 3 వేలమందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు "పిల్లల హత్య ఆపండి" అని వీధుల్లో కూర్చున్నారు. 1973లో చమురు సంక్షోభం రాగా ప్రభుత్వం ఆదివారాలు కార్లను నిషేధించింది. ఆ ఖాళీ రోడ్లమీద పిల్లలు స్కేట్లు కట్టుకొని తిరిగారు. ఆపైనే వేరు దారులు వచ్చాయి. మన ట్యాంక్‌బండ్ మీద కూడా 2021 ఆగస్టు చివరి ఆదివారం నుంచి కొంతకాలం సాయంత్రాలు వాహనాలను ఆపారు. జనం వేలల్లో వచ్చారు, తినుబండారాల బండ్లు వచ్చాయి, బాణసంచా కాల్చారు. సంబరం బాగుంది. సోమవారం ఉదయానికి మాత్రం కట్ట మళ్ళీ కార్లదే.

2023 అక్టోబరు 1న అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక సైకిలు దారి తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, మొత్తం 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల కప్పు. ఆ కప్పు నుంచి 16 మెగావాట్ల విద్యుత్తు. మన ఎండలకు నీడ ఉన్న సైకిలు దారి అంటే ఎంత విలువైనదో నేను వేరే చెప్పనక్కరలేదు. గండిపేట, హిమాయత్ సాగర్ రెండూ ఆ దారికి దగ్గరే. నిర్మాణాన్ని మెచ్చుకుంటాను. ఒక్క చిక్కు చెప్పాలి. అమీర్‌పేట నుంచి ఆ దారి మొదలు దాకా సైకిలుమీద క్షేమంగా వెళ్ళే మార్గం లేదు. కనుక ఆదివారం ఉదయం చాలామంది కారు వెనుక సైకిలు కట్టుకొని అక్కడికి వస్తారు. మరొకవైపు, తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాడు, షిఫ్టు దిగిన సెక్యూరిటీ గార్డు, ఫ్లాస్కు కట్టుకొని చాయ్ అమ్మేవాడు, నేటికీ ప్రతిరోజూ పంజాగుట్ట చౌరస్తాలో బస్సుల పక్కన ఇరుక్కుంటూ తొక్కుతూనే ఉన్నారు. వారికి ఆ కప్పు నీడ అందదు. సైకిలు దారి అవసరం ఎవరికి ఎక్కువ అని నన్నడిగితే వారి పేర్లే ముందు చెబుతాను.

నీటి సంగతి కూడా అలాగే ఉంది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, పరిశ్రమలనూ భారీ కట్టడాలనూ నిషేధిస్తూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఒక నూనెల కర్మాగారం ఆ పరిధిలో అనుమతి కోరితే వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తాగునీటి విషయంలో హాని జరుగుతుందని రుజువయ్యేదాకా ఆగనక్కరలేదు, జరగదని నిరూపించే భారం కర్మాగారానిదే అన్న సూత్రాన్ని 1999, 2000 తీర్పులలో న్యాయస్థానం నిలబెట్టింది. వైద్యులకు ఈ సూత్రం కొత్తకాదు. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ జీవో 69 వెలువడింది. నగరానికి 1965 నుంచి మంజీరా, 2004 నుంచి కృష్ణా నీరు వస్తున్నాయి గనుక గండిపేట అవసరం తగ్గిందనేది వాదన. హుస్సేన్ సాగర్‌కు 1930లో జరిగింది కూడా సరిగ్గా అదే. అవసరం తగ్గిన చెరువుకు ఏమవుతుందో చూడాలంటే కూకట్‌పల్లి నాలా కలిసేచోట, వేసవిలో, గాలి మీవైపు వీస్తున్నప్పుడు రెండు నిమిషాలు నిలబడండి. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. కొద్దిసేపటికి ముక్కు దానికి అలవాటుపడుతుంది, అదే అందులోని చిక్కు.

ఇక దారులు. కొత్తగా మొదలుపెట్టేవారు నెక్లెస్ రోడ్డుతోనే ప్రారంభించండి. ఆరునుంచి ఏడున్నర లోపు అయితే రద్దీ తక్కువ. శీతకాలంలో మాత్రం మరీ చీకటితో వెళ్ళకండి; చల్లని గాలి పొర పొగను నేలకు అదిమి ఉంచుతుంది, ఎండ పొడ వచ్చాక అది కాస్త చెదురుతుంది. కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరు లీటర్ల గాలి పీల్చే మనిషి, సైకిలు తొక్కేటప్పుడు ముప్ఫై నలభై లీటర్లు పీలుస్తాడు. ఆ గాలి ఎలాంటిదన్నది ముఖ్యం. వినాయక నిమజ్జనం రోజుల్లో ఆ దారి మీది కాదు; ఖైరతాబాద్ గణపతి 1954 నుంచి ఆ నీటిదారిన హక్కుదారు.

మోకాళ్ళు నొప్పి ఉన్నవారికి సీటు ఎత్తే అసలు మందు. పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు తక్కువగా ఉంటే మోకాలి చిప్ప నలుగుతుంది. నేలకు కాళ్ళు ఆనవని భయపడి పెద్దవారు సీటు దించుకుంటారు, నెల తిరగకుండా నొప్పితో వస్తారు. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు జేబులో గ్లూకోజు పొడో బెల్లం ముక్కో ఉంచుకోండి. చెమట, వణుకు, తల తిరగడం కనిపిస్తే దిగి తినండి, ఆ రోజు మళ్ళీ ఎక్కకండి. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. ఛాతీలో బరువు, ఎడమచేతికి పాకే నొప్పి వస్తే అది గ్యాసు అనుకోకండి. వారానికి నూటయాభై నిమిషాలు చాలు. సైకిలు గుండెకు మేలు చేస్తుంది గాని ఎముకలను గట్టిపరచదు, ఎందుకంటే ఒంటి బరువు కాళ్ళమీద పడదు; అందుచేత వారంలో రెండు మూడు రోజులు నడవండి కూడా. హెల్మెట్టు లేకుండా కట్టమీదకు సైతం వెళ్ళవద్దు.

రెండు మూడు నెలలు అలవాటైనవారికి గండిపేట ఉంది. ఖైరతాబాద్ నుంచి మెహదీపట్నం, లంగర్‌హౌజ్, ఇబ్రహీంబాగ్, నార్సింగి మీదుగా దాదాపు 20 కిలోమీటర్లు. లంగర్‌హౌజ్ దాకా రద్దీ, కనుక ఆదివారం తెల్లవారగానే దాటిపోవాలి. దారిలో తారామతి బారాదరి దగ్గర ఆగి ఊపిరి తీసుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి బలం మిగుల్చుకోండి. వెళ్ళడం ఉత్సాహంతో జరుగుతుంది, రావడం తొడలతో జరగాలి. హిమాయత్ సాగర్ వైపు రాజేంద్రనగర్ మీదుగా వెళ్ళాలి, దూరం ఇంచుమించు అంతే, చెట్లు ఎక్కువ. వానకాలంలో మాత్రం బయలుదేరే ముందు వార్తలు చూడండి. 2020 అక్టోబరులో ఎత్తినట్టు గేట్లు ఎత్తిన రోజుల్లో ఆనకట్ట దిగువన ఉన్న సర్వీసు రోడ్డు మీదుగా నీరు పారుతుంది, పోలీసులు దారి మూసేస్తారు. మోకాలిలోతు కనబడే ప్రవాహం సైకిలును సులువుగా పక్కకు తోసేయగలదు. అలాంటి రోజున ఇంట్లో ఉండి గొలుసుకు నూనె వేసుకోండి.